సుద్ద గుర్తులు

హిందూపురం,
జూలై 8, 2003.

శ్రీ దానియేలు గారికి,

నమస్కారాలు. నేను హేమావతిని. 1996 టీమ్‌లో మీతోపాటు పనిచేసిన ధర్మవరం హేమావతిని. మన కాలేజీలోనే సివిల్ విభాగంలో లెక్చరర్‌గా చేరి నాలుగేళ్ళయింది. ఏటా కాలేజీల పోటీకి విడి ముక్కలతో బ్రిడ్జి బిగించే మన స్టీల్ బ్రిడ్జి టీమ్ బాధ్యత ఇప్పుడు నాది.

టీమ్ మొదలై ఇది పదో ఏడు. సావనీర్ పుస్తకం వేస్తున్నాం. టీమ్ చరిత్ర రాసే పని నా నెత్తిన పెట్టారు. 94లో తొలి టీమ్ వాళ్ళు బ్రిడ్జి ముక్కలను బస్సు టాపు మీద వేసుకుని బెంగుళూరు పోయి, బోల్టుల సంచి హిందూపురం బస్టాండులోనే మరిచిపోయామని అక్కడికి పోయాక తెలుసుకున్న కథ దొరికింది. 98లో మూడో స్థానం, 2001లో రెండో స్థానం. వాటికి ఫోటోలూ ఉన్నాయి, చెప్పేవాళ్ళూ ఉన్నారు. 96 దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరూ గొంతు సవరించుకుంటున్నారు. మన కెప్టెన్ ధనుంజయను అడిగితే "ఆ సంగతి దానియేలునే అడుగుపో" అని నవ్వాడు.

అందుకే అడుగుతున్నాను. హైదరాబాదు పోటీలో మన బ్రిడ్జి ఎందుకు బిగుసుకోలేదో మీకు తెలిసినంత రాసి పంపగలరా? ఫోన్ చేద్దామనుకున్నాను. నా గొంతు వినగానే పెట్టేస్తారేమోనని ఉత్తరం రాస్తున్నాను.

ఇట్లు,
హేమావతి


పెనుకొండ,
జూలై 19.

హేమావతీ,

ఈ "గారు" ఎప్పటి నుంచి? మీ అమ్మ వడ్డించిన ఓళిగలు పోటీలు పడి తిన్నవాళ్ళం. అప్పుడు నన్ను "ఒరే" అనేదానివి.

నీకు తెలియనిది నాకేం తెలుసు? అయినా అడిగావు కాబట్టి రాస్తున్నాను. ఒక్కో జాయింటుకు రెండు ప్లేట్లు కలిపి పట్టుకుని ఒకేసారి బెజ్జాలు వేశాం. కాబట్టి ఏ ముక్కకు ఆ ముక్కే జోడీ. చూడ్డానికి అన్నీ కవలపిల్లల్లా ఉన్నా, పక్క ముక్క తెచ్చి పెడితే బోల్టు దిగదు. ఎడమ వైపు ముక్కల మీద ఎ1, ఎ2 అనీ, కుడి వైపు వాటి మీద కు1, కు2 అనీ సుద్దతో గుర్తులు వేసింది నేనే. పోటీలో ఆ గుర్తులు చూసుకుంటూ ముక్కలు పేర్చాం. సగం జాయింట్లలో బోల్టు దిగలేదు. సుత్తితో కొట్టాం. ఇచ్చిన టైము అయిపోయింది. బరువు పెట్టి చూడకుండానే జడ్జీలు పక్కకు పొమ్మన్నారు.

ఇంతే. "సాంకేతిక కారణాలు" అని రాసుకో. ఆ మాట చాలామందిని కాపాడింది.

నేనిక్కడ ఒక కాంట్రాక్టరు దగ్గర సైట్ ఇంజనీరుగా ఉన్నాను. రోడ్ల మీద కల్వర్టులు కట్టిస్తాను. నేను కట్టించినవన్నీ నిలబడే ఉన్నాయని నీ చరిత్రలో రాసుకోవచ్చు.

నువ్వు అడగాల్సింది ఇంకేదో ఉన్నట్టుంది. తిన్నగా అడుగు.

దానియేలు


హిందూపురం,
ఆగస్టు 2.

దానియేలూ,

తిన్నగానే అడుగుతాను.

ఈ ఏడు టీమ్ ఎంపికలో అందరికంటే ముందు నిలబడింది మూడో సంవత్సరం అమ్మాయి సంగీత. నీ చెల్లెలని నాకు అప్పుడు తెలియదు. పేర్లు తీసుకుని సుంకప్ప సార్ దగ్గరికి పోయాను. అప్పట్లో మన టీమ్‌ను నడిపించిన సుంకప్ప సారే ఇప్పుడు మా విభాగానికి పెద్ద. ఆ పేరు దగ్గర ఆగిపోయారు. "పెనుకొండ ఏసుదాసు కూతురా? ఆ దానియేలు చెల్లెలా? ఆ ఇంటి పిల్లను ముక్కల దగ్గరికి రానిస్తావామ్మా? ఒకసారి కాల్చుకున్నెది సాలదా?" అన్నారు. 96లో ఏం జరిగిందో నేను తేల్చాలి, లేకపోతే ఆ పేరు కొట్టేయాలి. దసరా దాటితే పేర్లు హైదరాబాదు పంపాలి.

నా మనసులో ఉన్నదీ చెప్తాను. బండి హిందూపురంలో రెండు నిమిషాలే ఆగుతుందని, ధర్మవరం జంక్షన్‌లో అయితే ఇనుప సామాను ఎక్కించడానికి తీరిక ఉంటుందని ముక్కలన్నీ ముందే తెచ్చి మా ఇంట్లో పెట్టాం. ఆయుధపూజ అయిన మర్నాడు స్టేషనుకు చేర్చాం. మేమంతా టీ తాగి వచ్చేసరికి నువ్వొక్కడివే పెట్టెలు తెరుచుకుని తడిగుడ్డతో ముక్కలు తుడుస్తున్నావు. నన్ను చూడగానే ఆ గుడ్డ సంచిలో దాచావు. డిజైను దగ్గర ధనుంజయతో గొడవపడి "ఈ బ్రిడ్జి నిలబడదు, చూస్తా ఉండండి" అన్నదీ నువ్వే.

హైదరాబాదు నుంచి తిరిగొచ్చాక నేను చూసింది సుంకప్ప సార్‌కు చెప్పాను. చూసింది మాత్రమే చెప్పాను. ఒక్క మాట కూడా కలపలేదు.

ఆ రోజు ఏం తుడిచావు?

హేమావతి


పెనుకొండ,
ఆగస్టు 14.

అయితే ఆ మాట మోసింది నువ్వా! ఏడేళ్ళుగా నేను ధనుంజయ అనుకుంటున్నాను. పాపం, వాణ్ణి నా పెళ్ళికి కూడా పిలవలేదు.

తుడిచింది కుంకుమ. మీ ఇంట్లో పూజ చేసి ముక్కముక్కకూ పసుపు పూసి బొట్లు పెట్టారు. కొన్ని సరిగ్గా బెజ్జాల మీదే పెట్టారు. పసుపు ఆరి పెచ్చులు కడితే బోల్టు ఎక్కడ దిగుతుంది? మీ అందరి ముందూ తుడిస్తే "కిరస్తానీవాడు, మన బొట్టు చెరిపేశాడు" అంటారని మీరు లేని సమయం చూసుకున్నాను. గుడ్డ దాచిందీ అందుకే. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. నేను పుట్టిందే ఆ చెట్టు కింద.

ఇప్పుడు నేను అడుగుతాను. పెట్టె తెరిచేసరికి ముక్కల మీద గుర్తులు కొత్తగా కనిపించాయి. నేను "కు" రాస్తే కొమ్ము వంకరపోతుంది, మీరంతా ఎగతాళి చేసేవాళ్ళు. అక్కడున్న "కు"లు ముగ్గు వేసినట్టు గుండ్రంగా ఉన్నాయి. నా రాత కాదు. హేమావతి మళ్ళీ సరిచూసి దిద్దిందిలే అనుకుని ఊరుకున్నాను. నీ మీద అప్పుడంత నమ్మకం. హైదరాబాదులో బోల్టు దిగనప్పుడు నీ ముఖంలోకి చూశాను. నువ్వు నా వైపు చూడలేదు.

తర్వాత సుంకప్ప సార్ పిలిచి అడిగితే "ఆ గుర్తులు నా రాత కాదు సార్" అన్నాను. "నీ రాత నువ్వే మార్చి రాసుకోలేవా?" అన్నారు. హేమావతి ఇంట్లోనే మార్చి ఉంటారని నోటిదాకా వచ్చింది. చెబితే నమ్మేదెవరు? నీ ఇంట్లో అన్నం తిన్నవాణ్ణి, నీ మీదే చెప్పానంటారు. మింగేశాను.

ముక్కలు ఉన్నది మీ ఇంట్లో. గుర్తులు మారింది మీ ఇంట్లో. నీకు కాలేజీలో ఉద్యోగం ఇప్పించింది సుంకప్ప సార్ అని విన్నాను. నాకు తెలిసింది ఇంతే. మిగతాది నువ్వే తేల్చు.

దానియేలు


హిందూపురం,
ఆగస్టు 25.

దానియేలూ,

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ ఉత్తరం. నాకు ఉద్యోగం నా మార్కులు ఇప్పించాయి. నా బ్రిడ్జిని నేనే పాడుచేసుకుని, ఆ నేరం నీ మీదికి తోసి, దానికి బదులు ఉద్యోగం తీసుకున్నానా? ఏడేళ్ళు ఈ మాట కడుపులో పెట్టుకుని ఎట్లా తిరిగావు?

అయినా ఊరికి పోయినప్పుడు అడిగాను. నాయన మగ్గం మీద నుంచి తల ఎత్తకుండానే "మగ్గం పూజ నాది. మీ ఇనుము జోలికి నేనెందుకు పోతా?" అన్నాడు. అమ్మ పొయ్యి దగ్గర ఉంది. "బ్రిడ్జి ముక్కల మీద రాతలు ఎవరన్నా మార్చినారా?" అంటే "మాకేం తెలుసే, నీ సదువు సంగతులు?" అంది. మా ఇంట్లో అబద్ధం ఆడే అవసరం ఎవరికీ లేదు. నేనూ మార్చలేదు. ఇక మిగిలింది ఎవరు?

కుంకుమ తుడిచానన్నావు. కావచ్చు. కుంకుమతో పాటు ఇంకేం తుడిచావో చూసినవాళ్ళు లేరు.

సంగీతను టీమ్‌లోంచి తీసేయలేదు. లెక్కలూ డ్రాయింగులూ చూసుకోమన్నాను. ముక్కలు మాత్రం ముట్టుకోవద్దన్నాను. దసరా దాకా ఇంతే. సుంకప్ప సార్‌ను ఇంతకంటే ఒప్పించలేకపోయాను.

హేమావతి


పెనుకొండ,
సెప్టెంబరు 3.

హేమావతీ,

ఆదివారం సంగీత వచ్చింది. చర్చి నుంచి వచ్చి అందరం భోజనానికి కూర్చున్నాం. "అన్నా, మేడమ్ నన్ను ముక్కలు ముట్టుకోవద్దన్నెది. ఎందుకు?" అని అడిగింది.

ముట్టుకోవద్దు అనే మాట మా ఇంట్లో కొత్తది కాదు. మా అవ్వ విన్నది, మా నాయన విన్నాడు. ఇంజనీరింగ్ కాలేజీ దాకా పోతే ఆ మాట వెనకబడిపోతుందని నాయన నమ్మకం. నువ్వు ఆ ఉద్దేశంతో అనలేదని నాకు తెలుసు. వినేవాళ్ళకు మాత్రం అట్లాగే వినిపించింది.

నాయన కలిపిన ముద్ద కంచంలోనే పెట్టి నా వైపు చూశాడు. 96లో కూడా అట్లాగే చూశాడు. "నిజం చెప్పప్పా. నువ్వే చేసినావా?" అని అప్పుడు అడిగాడు. కాదన్నాను. "సరే" అన్నాడు. నమ్మాడో లేదో నాకు ఈరోజుకీ తెలియదు. అప్పటి నుంచి మా ఇంట్లో బ్రిడ్జి మాట ఎత్తలేదు.

నా గురించి చరిత్రలో ఏమన్నా రాసుకో. దాన్ని మాత్రం వదిలెయ్యి. దానికి నేను అన్నను కావడం తప్ప వేరే పాపం లేదు.

ఇక ఉత్తరాలు రాయకు.

దానియేలు


ధర్మవరం,
అక్టోబరు 5, దసరా.

దానియేలూ,

రాయొద్దన్నావు. రాయక తప్పదు. చించేసే ముందు ఒక్కసారి పూర్తిగా చదువు.

సెలవుల్లో కాలేజీ షెడ్డుకు తాళం వేస్తారని ఈసారీ ముక్కలు మా ఇంట్లోనే పెట్టాం. నిన్న ఆయుధపూజ. పూలు తేవడానికి పొద్దున బజారుకు పోయాను. తిరిగొచ్చేసరికి వాకిలి నిండా నీళ్ళు. అమ్మ కొంగు బిగించి, చింతపండుతో మన ముక్కలను ఒక్కొక్కటే రుద్ది కడుగుతోంది. కడిగినవి ఎండకు గోడవారగా ఆనించింది. ఒక్కదాని మీదా గుర్తు లేదు. ఒక ముక్క ఒళ్ళో పెట్టుకుని సుద్దతో రాయడం మొదలుపెట్టింది. గుండ్రటి "కు".

పూలబుట్ట ఎక్కడ పెట్టానో కూడా నాకు గుర్తులేదు.

"అమ్మా, ఏం చేస్తాండావు?"

"మురికి ఇనుముకు బొట్టెట్ల పెడ్తారే? ఆయుధమన్నాక కడగాల. మగ్గానికి నాడె కడగమా, అచ్చు తుడవమా? రాతలు పోయినాయిలే, మల్లా రాస్తాండా."

"ఏది ఎడమదో ఏది కుడిదో నీకెట్ల తెలుసు?"

"ఈ పక్కకు కొన్ని, ఆ పక్కకు కొన్ని. అన్నీ ఒకే తీరుగుండాయి కదా. చీరకు రెండంచులూ ఒకటే. ఆ అంచు ఈడుంటే ఏమి, ఈ అంచు ఆడుంటే ఏమి?"

మా ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని. ఏటా పూజకు ముందు మగ్గం సామానంతా కడగడం చూసినదాన్ని. ఈ ఇనుమునూ కడుగుతారని నాకు తోచలేదు చూడు.

"మేము హైదరాబాదు పోయిన ఏడు కూడా కడిగినావా?" అన్నాను.

"కడక్కుండా పూజెట్ల చేస్తాము?"

"మరి మొన్న అడిగితే ఎందుకు చెప్పలేదు?"

"రాతలు మార్చినారా అంటివి. నేనేడ మార్చినా? ఉన్నెదాన్నే మల్లా రాస్తి."

ఒక ప్లేటు తెచ్చి ఆమె రాసిన గుర్తు ప్రకారం జోడీ పెట్టి, బోల్టు ఆమె చేతికే ఇచ్చాను. దిగలేదు. తిప్పి చూసింది, ఇంకో బెజ్జంలో చూసింది. దిగలేదు. అప్పుడు జరిగిందంతా చెప్పాను. ఆ తడినేల మీదే కూలబడింది. "ఓళిగలు అడిగి అడిగి తినె, ఆ పెనుకొండ పిల్లోన్నా? నేను కడిగినదానికి వాన్నన్నారా?" అని ఒకటే మాట. పూజకు కూడా లేవలేదు. నాయనే దీపం పెట్టాడు.

దానియేలూ, నీ చేతిలో గుడ్డ చూసిన నా కళ్ళకు మా అమ్మ చేతిలో సుద్ద కనపడలేదు. మా ఇంట్లో వెతకాలనే నాకు అనిపించలేదు. నీ రాత కాదని నువ్వు రాశాక కూడా నిన్నే అనుమానించాను. నాకు సిగ్గుగా ఉంది. ఇంతకంటే పెద్ద మాట దొరకలేదు.

సంగీత సెలవులకు ఇంటికి పోలేదు, హాస్టల్‌కు ఫోన్ చేస్తే మధ్యాహ్నం బస్సుకే వచ్చింది. ప్రతి ముక్కనూ చేత్తో పట్టుకుని, బోల్టు దించి చూసుకుని, జోడీలన్నీ వెతికి పెట్టింది. టీమ్‌లో మొదటి పేరు ఆ పిల్లదే. సుంకప్ప సార్‌కు ఫోన్‌లోనే చెప్పేశాను. అంతా విని "పోనీలేమ్మా, సావనీర్‌లో సాంకేతిక కారణాలని రాసేద్దాం" అన్నారు. నేను రాయను. ఉన్నదున్నట్టు రాసి, టీమ్ అందరి ముందూ, సార్ ముందూ చదువుతాను.

హేమావతి


పెనుకొండ,
అక్టోబరు 10.

హేమావతీ,

చదివాను. మొదట నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. ఇప్పటికీ కోపమే ఎక్కువగా ఉంది.

నిన్ను నేనూ ఏడేళ్ళు అనుమానించాను. అందులో ఇద్దరం సమానమే. కానీ నీ అనుమానాన్ని కాలేజీ అంతా నమ్మింది. నాది నా దగ్గరే ఉండిపోయింది. ఈ తేడా నువ్వు మరిచిపోకూడదు.

మీ అమ్మ మీద నాకు కోపం లేదు. ఆమెకు తెలిసిన తీరులో ఆ ఇనుమును గౌరవించింది. మనం ఎవరమూ ఆమెకు ఒక్క మాట చెప్పి పెట్టలేదు, అంతే.

ఒకటి చెయ్యి. నాకు చెప్పావు, సంతోషం. మా నాయనకు చెప్పు. ఈ ఉత్తరం నేను చదివి వినిపిస్తే నేను చెప్పినట్టే ఉంటుంది. నువ్వు వచ్చి చెప్పు.

దానియేలు


హిందూపురం,
అక్టోబరు 15.

దానియేలూ,

రేపు ధర్మవరంలో బండి ఎక్కుతున్నాం. నిన్న అందరి ముందూ చదివాను. సుంకప్ప సార్ మధ్యలో లేచి పోతారనుకున్నాను. పోలేదు. చివర్లో సంగీత దగ్గరికి వచ్చి "మీ అన్నను ఒకసారి కాలేజీకి రమ్మను తల్లీ" అన్నారు. నువ్వు రావడం రాకపోవడం నీ ఇష్టం.

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. హైదరాబాదు నుంచి రాగానే అమ్మను తీసుకుని మీ ఇంటికి వస్తాను. మీ నాయనకు ముందే చెప్పకు.

హేమావతి


పెనుకొండ,
అక్టోబరు 21.

హేమావతీ,

సంగీత ఫోన్ చేసింది. ఐదో స్థానమట. బోల్టులన్నీ దిగాయట. ఆ రెండో మాటే ముందు చెప్పింది. వచ్చే ఏటి నుంచి సుద్ద మానేసి ఇనుములోకి దిగేలా పంచ్‌తో గుర్తులు కొట్టించు. మీ అమ్మ ఎంత చింతపండు పెట్టి తోమినా పోవు. సావనీర్‌లో ఆమె పేరు వేయకు, "ఇంట్లో పూజకు కడిగారు" అని రాస్తే చాలు. నా పేరు మాత్రం వెయ్యి.

నువ్వు వస్తానన్నావు. మీ అమ్మ నీకోసం ఆగలేదు. మీ బండి పోయిన మర్నాడే ఒక్కతే బస్సెక్కి పెనుకొండలో దిగి, ఏసుదాసు ఇల్లేదని అడుక్కుంటూ వచ్చేసింది. చేతిలో ఓళిగల గిన్నె. నాయన వాకిట్లో మంచం మీద ఉన్నాడు. నేను సైటు నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాను.

నన్ను పలకరించలేదు. సరాసరి నాయన దగ్గరికి పోయి "అన్నా, ఆ ఇనుము కడిగింది నేను. రాతలు తప్పు రాసింది నేను. మీ పిల్లోడు గాదు" అంది. నాయన లేచి కూర్చున్నాడు. ఆమె మంచం పట్టె మీద కూర్చుని, మా అమ్మను మంచినీళ్ళు అడిగి తాగి, మళ్ళీ మొదటి నుంచి అంతా చెప్పింది.

నాయన తలవంచుకుని విన్నాడు. తర్వాత ఆమెతో అన్న మాటలు ఉన్నవున్నట్టు రాస్తున్నాను. "నువ్వు తెలీక చేసినావమ్మా. దేవునికని కడిగితివి, అదేం తప్పు? ఊరోళ్ళు అన్నారంటే వాళ్ళు ఊరోళ్ళు. నేను కన్నోన్ని. నేనూ అడిగితి సూడు, నువ్వే చేసినావా అని. అది తప్పు."

నేను చెంబు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. ఏడ్చాను. నీకు చెప్పడానికి నాకేం నామోషీ లేదు.

"రాప్పా, ఈడ కూసో. ఆ బ్రిడ్జి ఎట్లుండేదో చెప్పు" అన్నాడు నాయన. ఓళిగల గిన్నె మూత తిరగేసి, నేతి తడి మీద వేలితో గీసి చూపించాను. ఎడమ వైపు ఇది, కుడి వైపు ఇది, వీటి జోడీలు ఇవి. మీ అమ్మ కూడా వంగి చూసింది. "అయితే రెండంచులూ ఒకటి గావన్నమాట" అంది. నాయన మాత్రం ఇంకోసారి చెప్పమన్నాడు.

దానియేలు